అమ్మకాలు పెరిగిన ఏడాదే మా యూనిట్ మూతపడింది. ఎలా?

ఉద్దానం_జీడితోట
కాశీబుగ్గలో మా జీడిపప్పు యూనిట్ పందొమ్మిదేళ్లు నడిచింది. మూతపడి నాలుగు నెలలైంది. నాన్న, బాబాయి భాగస్తులు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. పండుగలకు వచ్చినప్పుడు పప్పు రుచి చూడటమే తప్ప లెక్కల జోలికి ఎప్పుడూ వెళ్లలేదు.

ఎవరిని అడిగినా "కాలం కలిసిరాలేదు" అంటున్నారు. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. ఆర్డర్లు ఒక్క వారం కూడా ఆగలేదు. మూతపడిన ఏడాది జరిగినంత అమ్మకం అంతకుముందు ఏ ఏడాదీ జరగలేదు. ఆడిటరు ఇచ్చిన కాగితంలో చివరి ఏడాది కూడా లాభమే ఉంది. సరుకు అమ్ముడుపోతూ, లాభం కనబడుతూ, చివరికి కరెంటు బిల్లు కట్టలేక బాయిలరు చల్లారిపోవడం ఎలా జరుగుతుంది? నాన్నను అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. బాబాయి ఫోను ఎత్తడం లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా విడమరిచి చెప్పండి.

పైడితల్లి_వీధి
చదివి మనసు బరువెక్కింది. మాది విజయనగరంలో బట్టల కొట్టు. పెద్ద లెక్కలు నాకు రావు. అమ్మకం పెరగడం, డబ్బు మిగలడం ఒకటి కావని మాత్రం ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. సిరిమాను పండుగకు తెచ్చిన సరుకు సంక్రాంతి దాటినా బీరువాలో ఉంటే, ఆ ఏడాది ఎంత అమ్మినా మాకు నష్టమే.

సముద్రపు_గాలి
జీడిపప్పు వ్యాపారమే అంత. ఆఫ్రికా పిక్కలు (ఒలవని జీడిగింజలు) ఓడల్లో వస్తాయి, వియత్నాం పప్పు తక్కువ ధరకు వస్తుంది. మధ్యలో మన పలాస నలిగిపోతోంది. మీ నాన్నగారి తప్పేమీ లేదు.

లెక్కలపుస్తకం
సముద్రపు గాలి గారూ, అదే పలాసలో, అవే ఆఫ్రికా పిక్కలతో ఇప్పటికీ నడుస్తున్న యూనిట్లు ఎన్నో ఉన్నాయి. గాలి అందరి మీదా వీచినప్పుడు ఏ ఇంటి పైకప్పు ఎందుకు లేచిపోయిందో చూడాలి.

ఉద్దానం గారూ, నేను ఆడిటరు ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. లాభం అమ్మిన రోజే కాగితం మీద పుడుతుంది. డబ్బు మాత్రం కొన్నవాడు పంపిన రోజునే వస్తుంది. ఈ రెండు తేదీల మధ్య దూరాన్ని ఎవరి డబ్బుతో దాటారన్నదే మీ ప్రశ్నకు జవాబు. నాలుగు సంగతులు చెప్పండి. పిక్కలు ఎప్పుడు, ఎంతకు కొన్నారు? బ్యాంకు సీసీ, అంటే సరుకు తాకట్టు మీద వాడుకునే క్యాష్ క్రెడిట్ అప్పు, పరిమితి ఎంత? పెద్ద కొనుగోలుదారులు ఎంతమంది? వాళ్లు మొదట్లో ఎన్ని రోజులకు డబ్బు ఇచ్చేవారు, చివర్లో ఎన్ని రోజులకు ఇచ్చారు?

బొబ్బిలి_కోట
నాకూ బొబ్బిలి గ్రోత్ సెంటరులో చిన్న యూనిట్ ఉంది కాబట్టి చెబుతున్నాను. లెక్కలన్నీ తర్వాతి సంగతి. కరెంటు ఛార్జీలు, పనివాళ్లు దొరకకపోవడం, దొరికితే యూనియన్లు. జిల్లాలో పెద్ద మిల్లులు మూతపడింది వీటివల్లే. చిన్నవాళ్లం ఎంత?

గోగునార
బొబ్బిలి గారూ, ఈ మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఈరోజు జవాబు చెప్పకుండా ఉండలేను.

మా నాన్న జనపనార మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు స్పిన్నింగ్ విభాగంలో పనిచేశారు. మిల్లు పేరు రాయను. షిఫ్టుకు మిల్లు కూత వినబడితే మా అమ్మ పొయ్యి వెలిగించేది. ఊళ్లో చాలా ఇళ్లలో గడియారం అవసరం ఉండేది కాదు. ఒక ఉదయం గేటుకు లాకౌట్ నోటీసు అంటించారు. మర్నాడు పత్రికలో "కార్మికుల క్రమశిక్షణా రాహిత్యం వల్ల" అని వచ్చింది. మిల్లు చచ్చిపోయింది ఆ రోజున కాదు. అంతకు ఆరేళ్ల ముందే నాన్న ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ఒక మాట అన్నారు: "ఈరోజు పదకొండో ఫ్రేమును విప్పేశారు." కొత్త విడిభాగాలు కొనడం మానేసి, ఒక యంత్రాన్ని విప్పి ఆ భాగాలతో పక్క రెండింటినీ నడిపారు. మరుసటి ఏడాది ఇంకొకటి విప్పారు. గోగునార యార్డు ఒకప్పుడు దసరా నాటికి కొండలా ఉండేది. తర్వాత తర్వాత ఒక లారీ సరుకు దిగితే, అది అయ్యేదాకా నడిపి, ఇంకో లారీ కోసం ఎదురుచూసేవారు. బదిలీ కార్మికులు, అంటే రానివాళ్ల స్థానంలో ఆ రోజుకు పని చేసేవాళ్లు, గేటు దగ్గర నిలబడి, పని లేదనిపించుకుని వెనక్కి వెళ్లేవారు. జీతంలో పీఎఫ్ కోత కోస్తూనే ఉన్నారు. ఆ డబ్బు జమ కాలేదన్న సంగతి మాత్రం మిల్లు మూసిన తర్వాతే తెలిసింది.

ఇంకొక్క మాట. గోనెసంచులకు గిరాకీ లేక మూతపడిందని కూడా కొందరంటారు. ఆహారధాన్యాలు, పంచదార జనపనార సంచుల్లోనే నింపాలని 1987లో పార్లమెంటు చట్టం చేసింది. ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు. చట్టమే గిరాకీ చూపించిన పరిశ్రమ కూడా మూతపడిందంటే, లోపం గిరాకీలో కాదు, యంత్రం మీద పెట్టాల్సిన డబ్బు ఇంకెక్కడికో వెళ్లడంలో ఉంది.

బొబ్బిలి_కోట
మీ నాన్నగారి మీద నాకు గౌరవమే. కానీ అన్ని సమ్మెలూ న్యాయమైనవి కావు. నలభై రోజుల సమ్మెలో ఆర్డరు పోగొట్టుకుని లేవలేకపోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

పైడితల్లి_వీధి
నలభై రోజులు ఆగితేనే కూలిపోయే వ్యాపారం అప్పటికే గోడకు ఆనుకుని నిలబడి ఉందని కదా అర్థం?

సాలూరు_లారీ
బొబ్బిలి, విజయనగరం మళ్లీ మొదలుపెట్టారా! 1757 నాటి యుద్ధం చాలు, ఆ కుర్రాడి ప్రశ్న దగ్గరకు రండి.

ఉద్దానం_జీడితోట
లెక్కలపుస్తకం గారూ, మీరు అడిగినవి పాత ఫైళ్లు వెతికి రాస్తున్నాను.

సీసీ పరిమితి కోటీ ఇరవై లక్షలు. 2018 వేసవిలో పిక్కల ధర బాగా ఎక్కింది. ఇంకా ఎక్కుతుందని అందరూ అనుకుంటుండగా నాన్న తొమ్మిది వందల బస్తాలు ఒక్కసారిగా కొన్నారు. ఎనభై కిలోల బస్తాకు పదమూడున్నర వేలు. అదే ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను. గోదాము రేకులు కొబ్బరితోటలో దొరికాయి. భవనానికి బీమా ఉంది, సరుకుకు లేదు. తడిసిన బస్తాలు ఆరబోసినా పప్పు నల్లబడింది. తర్వాతి ఏడాదికి ధర బస్తాకు మూడు వేలు దిగింది.

కొనుగోలుదారులు చిన్నవాళ్లు పదిమంది ఉండవచ్చు. ఢిల్లీ వ్యాపారి ఒక్కరే మా సరుకులో సగానికి పైగా తీసుకునేవారు. నెలకు మొత్తం ఇరవై లక్షల అమ్మకంలో పన్నెండు లక్షలు ఆయనదే. మొదట్లో ముప్పై రోజులకు డబ్బు వచ్చేది. చివరి బిల్లులు చూస్తే నూట పది రోజులు.

లెక్కలపుస్తకం
ఇక చూడండి. తొమ్మిది వందల బస్తాలు, బస్తాకు పదమూడున్నర వేలు అంటే కోటీ ఇరవై ఒకటిన్నర లక్షలు. బ్యాంకు ఇచ్చిన పరిమితి మొత్తం ఒకే ధర మీద, ఒకే వేసవిలో పెట్టేశారు. బస్తాకు మూడు వేలు దిగితే ఇరవై ఏడు లక్షలు ఆవిరి. తడిసినది దీనికి అదనం.

తర్వాత ఢిల్లీ సంగతి. పన్నెండు లక్షల నెలసరి అమ్మకం మీద ముప్పై రోజుల అరువు నూట పదికి సాగితే, ఎనభై రోజుల సరుకు విలువ అదనంగా ఆయన దగ్గర ఇరుక్కుంటుంది. అంటే ముప్పై రెండు లక్షలు. మీ నాన్నగారు ఆయనకు వడ్డీ లేకుండా అప్పు ఇచ్చారు. ఆ డబ్బు తన దగ్గర లేదు కాబట్టి తాను బయట వడ్డీకి తెచ్చారు. ఈ ముప్పై రెండు లక్షలు మీ ఆడిటరు కాగితంలో ఆస్తుల వైపే ఉంటాయి. అందుకే లాభం కనబడింది.

చివరి ఏడాది అమ్మకం పెరగడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది. నగదు కోసం ధర తగ్గించి, వచ్చినవాడికి వచ్చినంతకు అమ్మి ఉంటారు. బిల్లుల్లో కిలో ధర ఏడాది వారీగా చూడండి. ఇంకొకటి. బయట అప్పు ఉందా, ఉంటే ఎంత వడ్డీకి?

ఉద్దానం_జీడితోట
చూశాను. విడిపోని గుండు పప్పు కూడా, రెండుగా విడిపోయిన బద్ద ధర కన్నా కాస్త ఎక్కువకే పోయింది, చివరి ఎనిమిది నెలలు. బయట అప్పు ఉంది. నూటికి మూడు రూపాయల వడ్డీ. అమ్మకు కూడా ఈ మధ్యే తెలిసింది.

లెక్కలపుస్తకం
నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు. నిజాయితీగా నడిచే జీడిపప్పు వ్యాపారం ఏదీ ఆ వడ్డీని మోయలేదు.

సాలూరు_లారీ
లెక్కలు మీరు చెప్పారు, వాసన మేము ముందే పసిగడతాం. పదిహేడేళ్లుగా ఈ రెండు జిల్లాల నుంచీ సరుకు ఎత్తుతున్నాను. సంస్థ కష్టంలో పడిందని మొదట తెలిసేది కిరాయి దగ్గర. ముందు లోడు ఎత్తగానే సగం ఇచ్చేవారు, దిగాక మిగతా సగం. తర్వాత "దిగాక మొత్తం ఇస్తాం" అంటారు. ఆ తర్వాత "వచ్చే లోడుతో కలిపి ఇస్తాం" అంటారు. మూడో మాట విన్న చోటికి నేను బండి పంపను. పంపినవాళ్లు మునిగారు.

మా సాలూరులోనే ఒకటి రెండు బళ్లతో సుఖంగా ఉన్నవాళ్లు, ఫైనాన్సు దొరుకుతోందని ఏడెనిమిది బళ్లు కొని అన్నీ పోగొట్టుకున్నారు. లారీ నిలబడినా కిస్తీ నిలబడదు. విమానాలదీ అదే కథ. కింగ్‌ఫిషర్ 2005లో మొదలై, రెండేళ్లకే ఎయిర్ డెక్కన్‌లో పెద్ద వాటా కొనేసింది. పుట్టినప్పటి నుంచీ ఒక్క ఏడాది కూడా లాభం చూపలేదు. 2012 అక్టోబరులో విమానాలు నేల మీదే ఆగిపోయాయి. అద్దె విమానాలకు బాకీ, ఇంధనానికి బాకీ, ఉద్యోగులకు నెలల తరబడి జీతం బాకీ.

స్టూడియో_శ్రీకాకుళం
నా అనుభవం వేరు, కానీ రాయాలనిపించింది. 2003లో అప్పు చేసి కలర్ ల్యాబ్ మిషను పెట్టాను. పెళ్లిళ్ల సీజనులో రాత్రి రెండింటి దాకా ప్రింట్లు వేసేవాళ్లం. గదిలో రసాయనం వాసన, తడి కాగితం వెచ్చదనం ఇప్పటికీ గుర్తున్నాయి. అదే ఏడాది ఒక పెళ్లికొడుకు చేతిలో చిన్న డిజిటల్ కెమెరా చూశాను. ఆ బొమ్మలు చూసి, మన ప్రింటు ముందు ఇవేమిటి అనుకున్నాను. నాలుగేళ్లలో ఫిలిం రోల్స్ రావడం ఆగిపోయింది. అప్పు ఇంకా మూడేళ్లు ఉంది.

కొడాక్ సంగతి అందరూ చెబుతారు. డిజిటల్ కెమెరాను 1975లో తయారుచేసింది కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్. బయటివాడు వచ్చి చంపలేదు, సొంత ఇంట్లో పుట్టిన బిడ్డే. ఫిలిం మీద వచ్చే లాభం అంత తీయగా ఉండటంతో దాన్ని ముందుకు తోయడానికి చేతులు రాలేదు. 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఆ తీపి నాకు తెలుసు. ఒక్కో ప్రింటు మీద మిగిలేది చూసి, నేనూ మూడేళ్లు కళ్లు మూసుకున్నాను.

విజయనగరం_వలసపక్షి
కానీ ఫ్యూజీ కూడా ఫిలిం కంపెనీయే కదా, అది బతికే ఉంది. ఫిలిం కోసం నేర్చుకున్న రసాయన విద్యను ఎల్‌సీడీ తెరల పొరలకూ, మందులకూ, చర్మానికి రాసుకునే క్రీములకూ మళ్లించింది. ఒకే వరద, రెండు పడవలు. లెక్కలపుస్తకం గారు పైకప్పు గురించి అన్న మాటే ఇది కూడా.

స్టూడియో_శ్రీకాకుళం
నిజమే. నేను కూడా ఆల్బం డిజైనింగుకు మారి నిలదొక్కుకున్నాను. మిషను మాత్రం ఇనుము ధరకు పోయింది.

చెరకుతోట
మా నాన్న చెరకు రైతు. ఫ్యాక్టరీ పేరు నేనూ రాయను. రైతు వైపు నుంచి చూస్తే ఫ్యాక్టరీ ఎలా చస్తుందో చెబుతాను.

చెరకు నరికిన రోజు నుంచే బరువు, తీపి తగ్గుతూ వస్తాయి. అందుకే ముందు కటింగ్ ఆర్డరు ఇస్తారు, దాని ప్రకారం నరికి తోలాలి. ఒక ఏడాది యంత్రం పాడై, గానుగ ఆడక మా ట్రాక్టరు ఫ్యాక్టరీ యార్డులో మూడు రాత్రులు నిలబడింది. నాన్న ట్రాక్టరు కిందే పడుకున్నారు. ఎండిన చెరకు తూకానికి ఎంత తగ్గిందో అప్పుడు చూశాను. సరే, ఒక్క ఏడాదే అనుకున్నాం. తర్వాత డబ్బు ఆలస్యమైంది. చెరకు అందిన పద్నాలుగు రోజుల్లో రైతుకు చెల్లించాలని 1966 నాటి ఉత్తర్వు చెబుతుంది. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. మరుసటి ఏడాది నాన్న ఎకరం చెరకు తీసి మొక్కజొన్న వేశారు. పక్కవారు సరుగుడు వేశారు.

ఇక్కడి నుంచి గిరగిరా తిరగడం మొదలవుతుంది. చెరకు తగ్గితే ఫ్యాక్టరీ తక్కువ రోజులు ఆడుతుంది. జీతాలు, వడ్డీ, మరమ్మతులు మాత్రం తగ్గవు. టన్ను మీద ఖర్చు పెరుగుతుంది, రైతుకు డబ్బు ఇంకా ఆలస్యం, చెరకు ఇంకా తగ్గుతుంది. మూతపడ్డాక పెద్దలు వచ్చి "రైతులు చెరకు వేయడం మానేశారు, అందుకే మూసేశాం" అన్నారు. మానేసింది మేమే. ఎందుకు మానేశామో అడిగినవాళ్లు లేరు.

గోగునార
చెరకుతోట గారూ, మీ మాట చదివి కళ్లు చెమర్చాయి. మాకు సమ్మె పేరు పెట్టారు, మీకు మొక్కజొన్న పేరు పెట్టారు.

విజయనగరం_వలసపక్షి
నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సత్యం కంప్యూటర్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో ఒక లెక్క ఉంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు రాబడి 2,700 కోట్లని చూపారు, నిజం 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, నిజం 61 కోట్లు. అంటే రాబడిలో నూటికి ఇరవై నాలుగు లాభం అన్నది నిజానికి మూడు. బ్యాంకుల్లో ఉన్నాయని చెప్పిన వాటిలో 5,040 కోట్లు లేనే లేవు. చిన్న తేడాతో మొదలై ఏడాదికేడాది పెరిగిందని ఆయనే రాశారు.

ఆ సంస్థ మాత్రం మూతపడలేదు. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్తవాళ్లను పెట్టింది, మూడు నెలల్లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. పని చేసేవాళ్లు, పని ఇచ్చే ఖాతాదారులు నిజంగా ఉన్నారు కాబట్టి అది నిలబడింది.

బొబ్బిలి_కోట
ఉద్దానం వాళ్ల నాన్నగారిని దానితో పోల్చకండి. ఆయన మోసం చేయలేదు.

విజయనగరం_వలసపక్షి
పోల్చలేదండీ. నేను చెప్పదలచుకున్నది వేరు. మొదటి ఏడాది తేడాను ఒప్పుకోవడం అందరికీ కష్టమే. పెద్ద సంస్థకు మార్కెట్లో పరువు, చిన్న సంస్థకు వీధిలో పరువు.

బ్యాంకు_పాతకాపు
పదవీ విరమణ చేసి ఐదేళ్లయింది. పార్వతీపురం, పలాస, టెక్కలి, అన్ని చోట్లా పనిచేశాను. బ్యాంకు వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి.

సీసీ ఖాతాకు నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. గోదాములో ఉన్న సరుకు విలువలో మార్జిను, అంటే యజమాని సొంతంగా పెట్టాల్సిన వాటా, తీసి మిగిలినంత వరకే వాడుకోనిస్తాం. ధర పడిపోయినప్పుడు చాలామంది పాత ధరతోనే విలువ రాస్తారు. అసలు ధర రాస్తే పరిమితి తగ్గుతుంది, తగ్గినంత వెంటనే కట్టాలి. అది వాళ్ల భయం. మేము తనిఖీకి వెళ్తాం. గోదాము గుమ్మంలో నిలబడి వరుసలు లెక్కపెట్టి, సంతకం చేసి, టీ తాగి వచ్చేసిన రోజులు నాకూ ఉన్నాయి. వెనక వరుసలో ఉన్నది పిక్కో, పొట్టో బస్తా గుచ్చి చూడలేదు. చూసి ఉంటే రెండేళ్ల ముందే ఆ యజమానితో కూర్చుని మాట్లాడేవాణ్ణి. ఇద్దరు యజమానుల విషయంలో ఈ బాధ నన్ను ఇంకా వదలలేదు.

బాకీ తొంభై రోజులు దాటితే ఖాతా నిరర్థకం, అంటే మొండిబాకీ, అవుతుంది. అంతకుముందే, ముప్పై రోజులు, అరవై రోజులు దాటినప్పుడే బ్యాంకు ఆ ఖాతాను ప్రత్యేకంగా గుర్తించాలి. పాతిక కోట్ల లోపు అప్పు ఉన్న చిన్న పరిశ్రమలు కష్టంలో పడితే, తిరిగి నిలబెట్టే అవకాశం పరిశీలించడానికి బ్యాంకులో కమిటీ ఉండాలని 2016లో రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఇచ్చింది. యజమాని తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా సర్వీసు చివరి నాలుగేళ్లలో నా టేబులు మీదకు అలాంటి దరఖాస్తు ఒక్కటీ రాలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి వెళ్లేవారు గానీ, బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని "నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పేవారు కాదు.

ఉద్దానం_జీడితోట
ఆ కమిటీ సంగతి నాన్నకు తెలిసి ఉండదు. నాకూ ఈరోజే తెలిసింది.

వకీలు_గుమస్తా
ఢిల్లీ బాకీ వదులుకోకండి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం కొన్నవాడు ఎంత ఒప్పందం రాసుకున్నా డబ్బు చెల్లించడానికి నలభై ఐదు రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిలుకు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టవచ్చు. మీ యూనిట్‌కు అప్పట్లో నమోదు ఉందో లేదో ముందు చూడండి.

బ్యాంకు నోటీసు ఏమైనా వచ్చిందా?

ఉద్దానం_జీడితోట
వచ్చింది. 13(2) అని రాసి ఉంది. పదిహేడు రోజులైంది. ఫిర్యాదు గురించి బాబాయి అప్పట్లోనే అన్నారట. "ఆయన మీద కేసు పెడితే రేపు మన సరుకు ఎవరు కొంటారు" అని నాన్న ఆపారట.

సాలూరు_లారీ
ఆ భయంతోనే అందరం ఆగిపోతాం. సగం సరుకు ఒక్కడికే పోస్తే, మన మెడ మీద తాడు అతని చేతిలో ఉన్నట్టే.

వకీలు_గుమస్తా
అయితే ఇంకా సమయం ఉంది. 13(2) అంటే, బాకీ కట్టకపోతే తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకుంటామని సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇచ్చే నోటీసు. అది ఇచ్చిన తర్వాత అరవై రోజుల గడువు ఉంటుంది. ఆలోగా మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి, పదిహేను రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబు చెప్పాలి. ఊరుకోవడం మాత్రం పొరపాటు. తాకట్టులో మీ జీడితోట కూడా ఉందా? సాగులో ఉన్న వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. పహాణీ, అడంగల్ కాగితాలు తీసిపెట్టుకోండి. మీది భాగస్వామ్య సంస్థ కాబట్టి సంస్థ అప్పుకు నాన్నగారు, బాబాయిగారు ఇద్దరూ సొంత ఆస్తులతో సహా బాధ్యులు. అందుకే ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. విడివిడిగా బ్యాంకుకు వెళ్లకండి.

గోగునార
పనివాళ్ల బాకీల సంగతి కూడా అడగాలి. కంపెనీలు లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే దశకు, వెళ్లినప్పుడు కార్మికుల ఇరవై నాలుగు నెలల బకాయి, తాకట్టు ఉన్న బ్యాంకు బాకీతో సమాన స్థానంలో ఉంటుందని 2016 నాటి దివాలా కోడ్ చెబుతుంది. కంపెనీలు కాని చిన్న యూనిట్ల వాళ్లకు ఆ రక్షణ కూడా ఉండదు. మీ దగ్గర పప్పు ఒలిచినవాళ్ల సంగతి ఏమైంది?

కాశీబుగ్గ_అమ్మాయి
ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పవచ్చా? ఏ యూనిట్ అన్నది నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మా అమ్మ ఇరవై ఏళ్లుగా పొట్టు తీసే పని చేస్తోంది. కిలోకు ఇంత అని కూలి. కత్తి పట్టి పట్టి కుడి బొటనవేలి చర్మం గట్టిపడిపోయింది. ఆ చేత్తోనే నన్ను డిగ్రీ చదివించింది.

అమ్మ పనిచేసిన యూనిట్ ఒకటి మూతపడింది. మూతపడే ముందు ఏం కనబడిందని అడిగాను. ముందు శనివారం కూలి మంగళవారం అయిందట. తర్వాత గ్రేడు చేసే మేస్త్రీని తీసేశారట. గుండు, బద్ద, ముక్క విడదీయడానికి వ్యవధి ఇవ్వకుండా త్వరగా కట్టేయమనేవారట. "సరుకు మీద శ్రద్ధ పోయిందంటే డబ్బు తొందర వచ్చిందని" అమ్మ అంది. వాళ్లలో వాళ్లు చెప్పుకునేవారు గానీ యజమానికి ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా వీళ్లకేమీ చెప్పలేదు.

చివరి రోజు ఆయన అందరినీ కూర్చోబెట్టి ఎవరి లెక్క వాళ్లకు పైసాతో సహా ఇచ్చారు. ఆ డబ్బు ఇంట్లో నగలు అమ్మి తెచ్చిందని తర్వాత తెలిసింది. అమ్మ ఇప్పటికీ ఆ వీధిలో వెళ్లేటప్పుడు ఆ గేటు వైపు చూస్తుంది.

ఉద్దానం_జీడితోట
మా అమ్మ మెడలో నానుతాడు లేదని సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. అరిగిపోయింది, బాగుచేయడానికి ఇచ్చానంది.

పైడితల్లి_వీధి
తమ్ముడూ, ఇంత చేసిన మనిషి గోడవైపు తిరిగి పడుకోవడం న్యాయం కాదు. ఆయనకు ఇవన్నీ చదివి వినిపించు.

బొబ్బిలి_కోట
నేనూ అదే చెబుతాను. గోగునార గారూ, మీతో వాదించినా, ఈ అమ్మాయి రాసింది చదివాక నిన్న మా యూనిట్‌లో మూడు వారాలుగా ఆగిన ఓవర్‌టైం డబ్బు ఇచ్చేశాను.

గోగునార
చాలా సంతోషం అండీ.

బ్యాంకు_పాతకాపు
ఉద్దానం బాబూ, బాయిలరు, కటింగ్ మిషన్లు ఇంకా ఉన్నాయా? ఉంటే సొంతంగా పిక్కలు కొనకుండా, ఇతరుల పిక్కలు కూలికి ఒలిచి ఇచ్చే పని కొంతకాలం చేయవచ్చు. సరుకు ధర పడే ప్రమాదం మన మీద ఉండదు, అరువూ ఉండదు. దాన్ని చూపించి బ్యాంకుతో కిస్తీల గురించి మాట్లాడవచ్చు. వచ్చే ఆదివారం పలాసలో మా చెల్లెలి ఇంటికి వస్తున్నాను. ఢిల్లీ బిల్లులు, మూడేళ్ల స్టాకు స్టేట్‌మెంట్లు, నోటీసు, ఈ మూడూ తీసిపెట్టండి. మీ నాన్నగారు మాట్లాడకపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చుంటే చాలు.

ఉద్దానం_జీడితోట
నిన్న రాత్రి బస్సెక్కి ఇంటికి వచ్చాను. మీరందరూ రాసింది నాన్నకు మొదటి నుంచి చదివి వినిపించాను. పదకొండో ఫ్రేము దగ్గర కళ్లు తెరిచారు. చెరకు దగ్గర "ఇంకోసారి చదువు" అన్నారు. లెక్కలపుస్తకం గారి లెక్క వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమన్నారు. లేచి కూర్చున్నారు.

"ముప్పై రెండు కాదురా. ముప్పై ఆరు. దీపావళికి పంపిన మూడు లోడ్లు ఆయన ఖాతాలో ఎక్కలేదు. ఆ చీటీలు దేవుడి గదిలో, పంచాంగం కింద ఉన్నాయి."

చీటీలు దొరికాయి, మూడూ ఉన్నాయి. ఇప్పుడే నాన్న చొక్కా వేసుకుని, బాబాయిని తీసుకురమ్మని నన్ను పంపుతున్నారు. ఆదివారం ఏ రైలుకు వస్తారో చెప్పండి, స్టేషనుకు నేనే వస్తాను.